పెన్నలో ఈత కొట్టండి!

గుండె బలహీనపడిందని తేలిన మనిషికి మన దగ్గర మాత్రలతో పాటు ఒక కాగితం కూడా ఇస్తారు. జిరాక్సుకు తీసిన జిరాక్సుకు మళ్లీ తీసిన జిరాక్సు అది. ఉప్పు తగ్గించండి, పొగ మానండి, ఒత్తిడికి గురికాకండి అని వరసపెట్టి చెప్పుకొచ్చి, ఆఖర్న వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి దానికి ఎక్కడలేని దానగుణం పుట్టుకొస్తుంది. ఏకంగా మూడు దారులు చూపిస్తుంది: రోజూ ముప్పై నిమిషాలు చురుకైన నడక, లేదా సైకిలు, లేదా ఈత.

ఈత. అనంతపురంలో.

నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీదే బరువంతా దించుకొని వచ్చే చోటు ఇది. ఈశాన్యం తూర్పు తీరంలో ఖర్చయిపోగా మిగిలింది ఇక్కడికి చేరుతుంది. రెండూ కలిసి ఏటా సగటున 550 మిల్లీమీటర్లు. పెన్న వంతెన మీద బస్సు పోతుంటే కిటికీలోంచి కిందికి చూసినవాళ్లెవరికైనా తెలుసు, అందులో ఈదాలంటే ముందు చేతికి పార కావాలి. రాయదుర్గం దాటి దర్గాహొన్నూరు ఇసుక దిబ్బలకు పోతే వెల్లకిలా ఈత ఇంకా సుఖంగా కుదురుతుంది. మరీ అన్యాయంగా మాట్లాడకూడదు, నీళ్లొచ్చిన సంవత్సరాలూ ఉన్నాయి. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, జేసీబీ మీద చిక్కుకున్న మనుషుల్ని వాయుసేన హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది. గుండె జబ్బు మనిషి ఈత మొదలుపెట్టడానికి అది కూడా మంచి ముహూర్తం కాదనుకుంటాను.

ఇక ఒత్తిడికి గురికావద్దన్న మాట. వరసగా బోర్లన్నీ ఎండిపోయి, చెనక్కాయ పంట పూత దశలోనే మాడిపోయిన రైతు మొహం చూస్తూ ఆ మాట అనాలంటే మామూలు ధైర్యం చాలదు. జిరాక్సు మిషనుకు ఆ ధైర్యం ఉంది.

ఈ కాగితాన్నే పెద్దల భాషలో వ్యక్తిగత వ్యాయామ ప్రణాళిక అంటున్నారు. అందులో ఆ వ్యక్తికి చెందినవి రెండే: చేత్తో రాసిన పేరు, ఓపీ నంబరు. పేరు కూడా ఒక్కోసారి పక్క మంచం ఆయనది. ధర్మవరంలో జాకెట్టు కుట్టించుకోవాలంటే దర్జీ మెడ, భుజం, చంక, నడుము కొలిచి, అంతటితో నమ్మకం లేక పాత జాకెట్టు ఒకటి తెమ్మంటాడు. గుండెకు నడక కొలిచి ఇచ్చేవాళ్లకు మాత్రం టేపు అక్కర్లేదు. డెబ్బై ఏళ్ల అవ్వకూ ముప్పై ఏళ్ల లారీ డ్రైవరుకూ అవే ముప్పై నిమిషాలు.

కొలవడానికి సాధనాలు లేవా అంటే ఉన్నాయి, అవీ కారుచౌకవి. ఆరు నిమిషాల నడక పరీక్ష అని ఒకటుంది. ముప్పై మీటర్ల వరండా, రెండు గుర్తులు, ఒక గడియారం, మధ్యలో ఆయాసమొస్తే కూర్చోడానికి ఒక కుర్చీ. ఆరు నిమిషాల్లో మనిషి ఎంత దూరం నడిచాడో రాసుకుంటారు, అంతే. మన ఆసుపత్రుల్లో వరండాలకేం కొదవ? కాకపోతే ఆ వరండాల్లో నడవడానికి జాగా ఉండదు, రోగులు పడుకొని ఉంటారు.

ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చుంటే అసలు వైద్యమంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. "మీ నాయనకు పంపింగ్ ఎంతన్నా?" "ముప్పై అంట." "మా మామకు నలభై." పదో తరగతి మార్కులు చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు, నలభై వచ్చినాయన ముప్పై వచ్చినాయనను జాలిగా చూస్తాడు. ఎకో తీస్తే వచ్చే, గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం బయటికి పంపుతుందో చెప్పే ఆ అంకె పనికిమాలినదని కాదు, మందులు తేల్చేది చాలావరకు అదే. అయితే మనిషి ఎంత దూరం నడవగలడో అది చెప్పదు. అదే ముప్పై ఉన్న ఇద్దరిలో ఒకాయన కసాపురం ఆంజనేయస్వామి గుడి దాకా నడిచి పోతాడు, ఇంకొకాయనకు పంచె కట్టుకునేసరికి రొప్పు వస్తుంది. పంపింగ్ బాగానే ఉండి కూడా గుండె బిగుసుకుపోయి ఆయాసపడేవాళ్లు వేరే. ఇంతమందికీ ఒకటే కాగితం.

వ్యాయామం చేస్తే ఆ అంకె ఎగబాకుతుందని ఆశపెట్టేవాళ్లను నమ్మకండి. పెరిగితే కొద్దిగా పెరగొచ్చు. అసలు లాభం కాళ్లలో ఉంది. గుండె పంపే ఆ కొంచెం రక్తంలోంచే ఎక్కువ ప్రాణవాయువు లాక్కోవడం కండరాలు నేర్చుకుంటాయి, రక్తనాళాలు సాగడం నేర్చుకుంటాయి. రాబడి పెరగకపోయినా సంసారం గడుస్తుంది. అనంతపురంవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా?

ఇప్పుడు మన రోగుల్ని ఒక్కొక్కరినే చూద్దాం. ధర్మవరంలో పట్టుచీర నేసే ఆయన గుంత మగ్గంలో కూర్చుంటాడు. కాళ్లు గుంతలో, వీపు వంగి, పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా. సాయంత్రానికి కాళ్లవాపు వస్తే అది కూర్చున్నందుకా గుండెకు నీరు చేరినందుకా అని ఆయనే తేల్చుకోవాలి. అప్పు తీర్చాలంటే మగ్గం ఆగకూడదు, కాగితం ప్రకారమైతే అరగంట పోయి రావాలి. ఆయనకు పనికొచ్చేది అరగంట నడక కాదు. గంటకొకసారి గుంతలోంచి లేవడం, కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా ఐదారుసార్లు పైకి లేవడం, మడమలు ఎత్తి దించడం, వీధి చివరిదాకా పోయి రావడం. ఐదు నిమిషాల తునకలు. రోజు గడిచేసరికి అవే అరగంట అవుతాయి. ఈ మాట చెప్పాలంటే మాత్రం ఆయన ఏం పని చేస్తాడో ముందు అడగాలి. వెనక క్యూలో ఎనభై మంది ఉన్న డాక్టరుకు ఆ ఒక్క ప్రశ్నకు తీరిక ఎక్కడ?

కల్యాణదుర్గం వైపు కలుపు కూలికి పోయే ఆమెకు "వ్యాయామం చెయ్యమ్మా" అంటే ఏమంటుంది? "పొద్దు పొడిసినప్పట్నుంచి నడుస్తానే ఉండా గదా సామీ, ఇంకా యాడ నడ్చేది?" దానికి మన దగ్గర జవాబు ఉండదు. డెన్మార్కులో కొంత ఉంది. కోపెన్‌హేగెన్‌లో 1,04,046 మందిని పదేళ్ల పాటు గమనించి 2021లో ఫలితాలు బయటపెట్టారు. తీరిక వేళ ఒళ్లు కదిపేవాళ్లకు గుండె జబ్బులూ చావులూ తక్కువ. బతుకుతెరువు కోసం ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకు ఎక్కువ. పరిశోధకులు దీనికి వైరుధ్యమని పేరు పెట్టుకొని ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. కలుపు కూలీకి ఇందులో వైరుధ్యమేమీ కనబడదు. నడుము వంచి ఎనిమిది గంటలు, నెత్తిన ఎండ, పొద్దుగూకినాక పదిహేను లీటర్ల బిందె, మధ్యలో ఆయాసమొస్తే సాలు వదిలి కూర్చునే వీల్లేదు. పనికీ వ్యాయామానికీ తేడా చెమటలో లేదు. ఆపాలనిపించినప్పుడు ఆపే హక్కులో ఉంది. ఆ హక్కు రాసిచ్చే ఫార్మసీ ఈ పీఠభూమి మీద ఇంకా తెరవలేదు. ఆమెకు రాయాల్సిన మొదటి వ్యాయామం బహుశా విశ్రాంతే: బిందె సగానికి తగ్గించడం, సాలు మధ్యలో నిటారుగా నిలబడి ఊపిరి తీసుకోవడం, కూలి లేని రోజున మాత్రం నెమ్మదిగా, తన ఇష్టం వచ్చినట్టు, ఖాళీ చేతులతో కాసేపు నడవడం.

మూడో ఆయన టౌన్‌లోనే ఉన్నాడు. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. లండన్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువని జెరెమీ మోరిస్ అనే డాక్టరు 1953లోనే లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆ లెక్కన మనాయన ఉద్యోగంలో చేరిన రోజే తప్పు సీట్లో కూర్చున్నాడు. బెంగళూరులో ఉన్న కొడుకు చేతి గడియారం ఒకటి కొని పంపాడు. రోజుకు పదివేల అడుగులు వెయ్యకపోతే అది మణికట్టు మీద గిలగిల కొట్టుకుంటుంది. ఆ పదివేలు ఏ వేదంలోనిదీ కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టి అమ్ముకుంది, అంకె అక్కడినుంచి ప్రపంచం మీద పడింది. గడియారం ఇంకో మాట కూడా చెబుతుంది: నాడి 130 దాకా తెమ్మని. ఆయన వేసుకునేది గుండె వేగాన్ని పట్టి ఉంచే మాత్ర. మెటోప్రొలాలో కార్వెడిలాలో, దాని పనే నాడిని పెరగనివ్వకపోవడం. మాత్ర వద్దంటుంది, గడియారం రమ్మంటుంది. మధ్యలో పెద్దాయన ఆర్ట్స్ కాలేజీ మైదానం చుట్టూ పరుగు లంకించుకుంటే పొరపాటు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఇలాంటివాళ్లకు గడియారంకంటే నోరు నమ్మకమైన పరికరం. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ హద్దు. మాట తెగితే వేగం తగ్గించాలి. స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వవేత్త దీన్నే ఆరు నుంచి ఇరవై దాకా మెట్లుగా పేర్చాడు. కొంచెం కష్టంగా ఉంది అని మనిషి తానే చెప్పే పన్నెండు, పదమూడు మెట్ల దగ్గర ఆగితే చాలామందికి సరిపోతుంది. రోగి మాటను కొలతగా తీసుకోవడమన్నమాట. మన ఓపీల్లో రోగి మాట్లాడటమే విడ్డూరం కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ అంతగా పాకలేదు.

ఇంటి దగ్గర వ్యాయామం అనగానే ఇంట్లోవాళ్ల సంగతి రాకుండా పోదు. గుండె బలహీనపడిన పెద్దాయన మీద ప్రేమ ఎక్కువైన ఇంట్లో ఆయన బతుకు మంచం, రిమోటు, చెంబు అనే మూడు సరిహద్దుల మధ్య సాగుతుంది. గ్లాసు అందుకోబోతే చాలు, "నువ్వేం చెయ్యాకు నాయనా, కూర్చో!" అని నాలుగు దిక్కులనుంచి కేకలు. పాపం వాళ్లను అని లాభం లేదు. ఒకప్పుడు వైద్య పుస్తకాలే గుండె జబ్బుకు వారాల తరబడి మంచం రాసేవి. పుస్తకం మారి దశాబ్దాలయింది, మంచం మారలేదు. కదలని కండ కరిగిపోతుంది, కరిగినకొద్దీ చిన్న పనికే ఆయాసం, ఆయాసం చూసి ఇంట్లోవాళ్లు ఇంకో దిండు తెచ్చిపెడతారు. చూసొచ్చిన చుట్టం మాత్రం ఎంత బాగా చూసుకుంటున్నారో అని నలుగురికీ చెబుతాడు.

అదే జబ్బు జేజికి వస్తే ఈ ప్రేమకు దారి తెలీదు. కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పరు, నడవమనీ చెప్పరు. పొయ్యి దగ్గర సంగటి కెలకడం మాత్రం ఆగదు. రెండు చేతులా తెడ్డు పట్టి, ఊపిరి బిగించి, వేడి ఆవిరిలో రాగి సంగటి గెలకడం గుండె బలహీనపడినవాళ్లు చెయ్యకూడని పనుల్లో ముందు వరసలో ఉండాలి. కాగితంలో అది లేదు, ఎందుకంటే దాన్ని తయారుచేసినాయన సంగటి తిన్నాడే గానీ కెలకలేదు. ఆమె సాయంత్రం చెప్పులేసుకొని వీధిలోకి నడకకు వెళ్లిందా, అరుగుల మీద కళ్లన్నీ ఆమె మీదే. "యాడికి పోతాంది ఈ వయసులో?" అనే ప్రశ్నను దాటి పోవడానికి పంపింగ్ ఎంత ఉండాలో ఏ ఎకో చెప్పదు. ఇంటి దగ్గర చేసే వ్యాయామం ఈ పీఠభూమి ఆడవాళ్లకు అందుకే అవసరం. నాలుగు గోడల మధ్య కుర్చీ, గోడ, గడప చాలు. కుర్చీ ప్లాస్టిక్‌దైతే గోడకు ఆనించి పెట్టుకోవాలి, నాపరాయి మీద అది జారుతుంది. ఇలాంటి సంగతి చెప్పేవాడే డాక్టరు.

ఇది పేదదేశం వాళ్ల సర్దుబాటు అనుకునేవారుంటే, బ్రిటన్ వాళ్లు చేసింది వినండి. రీచ్-హెచ్‌ఎఫ్ అనే పరీక్షలో 216 మందిని తీసుకున్నారు. సగం మందికి కుర్చీలో కూర్చుని చేసే కసరత్తుల డీవీడీ, నడక పట్టిక, ఒక చేతిపుస్తకం ఇచ్చి, పన్నెండు వారాలు నర్సుల్ని ఇంటికి పంపారు. ఇంట్లోవాళ్లకు కూడా వేరే పుస్తకం ఇచ్చారు, అంటే "నువ్వేం చెయ్యాకు నాయనా" బ్యాచికి. 2018లో ఫలితాలు వచ్చాయి, రోగుల బతుకు నాణ్యత స్పష్టంగా మెరుగైంది. అమెరికావాళ్లు అంతకుముందే 2,331 మందితో ఇంకా ఘనంగా చేశారు. ముందు 36 విడతలు దగ్గరుండి నేర్పి, తర్వాత ఇంటికి ట్రెడ్‌మిల్లో సైకిలో ఇచ్చి పంపారు. 2009లో చూస్తే, చెప్పినన్ని నిమిషాలు చేస్తున్నవాళ్లు మూడోవంతుకు అటూ ఇటూ. యంత్రం ఇంటికి వస్తుంది, బుద్ధి పుట్టడానికి మనిషి రావాలి.

వ్యాయామం అమృతమనీ నేను చెప్పబోవడం లేదు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కొక్రేన్‌వాళ్లు 2019లో 44 పరీక్షలు, 5,783 మంది లెక్కలు కలిపి చూస్తే ఏడాది లోపు చావులు తగ్గినట్టు తేలలేదు. ఆసుపత్రిలో చేరడాలు మాత్రం తగ్గాయి. మనవాళ్లకు ఇది చిన్న లాభమా? ఒకసారి చేరితే ఒక మేకో, చెవుల కమ్మలో, వచ్చే ఏటి విత్తనపు కాయలో పోతాయి. తిరువనంతపురంలో 2013లో గుండె బలహీనతతో ఆసుపత్రిలో చేరిన 1,205 మంది పేర్లు రాసుకొని వెంబడి చూశారు. సగటు వయసు 61. పడమటి దేశాల రోగులకంటే పదేళ్లు చిన్న. ఏడాది తిరిగేసరికి పదిమందిలో ముగ్గురు లేరు. అక్షరాస్యతకూ ఆసుపత్రులకూ పేరుపడ్డ కేరళలో సంగతి ఇది. మడకశిర, రొళ్ల, అమరాపురంలో ఎంతమందో ఊహించుకోడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

అసలు విచిత్రం ప్రభుత్వపు జమాఖర్చుల్లో ఉంది. గుండెకు కత్తి దొరక్క జనం చచ్చిపోయే రోజులు ఈ పీఠభూమికి పోయాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న మొదలైన ఆసుపత్రిలో రూపాయి తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, పేర్లు ఎన్ని మారినా, స్టెంటుకూ వాల్వుకూ డబ్బు కడుతోంది. కత్తికి ప్యాకేజీ ఉంది, కోడ్ ఉంది, కంప్యూటర్లో గడి ఉంది. కోలుకునేవాళ్లు కూలి పోగొట్టుకోకూడదని 2019లో ఆరోగ్య ఆసరా పెట్టారు, రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాకా. మంచి పనే, ఎగతాళి చెయ్యను. చూడండి మరి: కొయ్యడానికి డబ్బుంది, కొయ్యించుకొని పడుకోడానికీ డబ్బు పెట్టారు. పడుకున్నవాణ్ణి లేపి నడిపించడానికి? ఆ గడి లేదు. నడక నేర్పే అరగంటకు కోడ్ లేదు కాబట్టి అది వైద్యమే కాదు. మళ్లీ కాళ్లు వాచి, ఊపిరాడక, అర్ధరాత్రి 108 ఎక్కితే మాత్రం కోడ్ సిద్ధంగా ఉంటుంది.

దీనికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ఒళ్లు వంచినవాడికి చట్టం హామీతో సర్కారు డబ్బు ఇచ్చే జాతీయ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చి ఉపాధి హామీని అక్కడ ప్రారంభించారు. ఆ మర్యాదకొద్దీ గుండె రోగుల నడకను కూడా ఉపాధి పనిగా రాయండి. పని పేరు: వ్యక్తిగత గుండె అభివృద్ధి, ఇంటి ఆవరణలో, ఫేజ్ ఒకటి. ఫీల్డ్ అసిస్టెంటు పొద్దున్నే మస్టరు పట్టుకొని గుమ్మం ముందుకొస్తాడు. కుర్చీలోంచి పదిసార్లు లేస్తే ఒక కొలత, గడప మెట్టు ఎక్కి దిగితే ఇంకో కొలత, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులా ఎత్తి దించితే సెమీ స్కిల్డ్. పని మొదట్లో పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు కాచుకోవడం, ఆఖర్న పది నిమిషాలు నెమ్మదిగా చల్లబడటం ఎస్టిమేటులోనే ఉండాలి. అవి లేకుండా బిల్లు పాస్ కాదు. పనిచోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టంలో ఏనాడో రాశారు, మన టౌన్ పార్కుల్లో లేనివి మూడూ. సోషల్ ఆడిట్ వస్తే దొంగ మస్టర్లు దొరకవచ్చు, చచ్చినవాళ్లు కుర్చీలోంచి లేచినట్టు. పర్వాలేదు, బతికున్నవాళ్లు కొందరైనా లేస్తారు.

నవ్వులాటకే అన్నా, మనుషులైతే సిద్ధంగా ఉన్నారు. ఊరూరా ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్ఎం ఉంది, గ్రామ క్లినిక్కులో మరొకరున్నారు. బీపీ చూస్తారు, చక్కెర చూస్తారు, చూసింది ఒక యాప్‌లో ఎక్కిస్తారు, ఎక్కించింది ఇంకో యాప్‌లో మళ్లీ ఎక్కిస్తారు. ఇదే బీపీ, ఇదే చక్కెర పదేళ్లు వదిలేస్తే గుండె బలహీనతకు దారి తీస్తాయి. జబ్బు రాకముందే నడిపించాల్సిన జనం పేర్లన్నీ ఆ యాప్‌లోనే ఉన్నాయి. వాళ్లను వారానికి 150 నిమిషాలు కదిలించే మాట ఏ యాప్‌లోనూ లేదు, ఆశా కార్యకర్త చేతికి తీరికా లేదు. ఫిజియోథెరపిస్టు కావాలంటే జిల్లా కేంద్రం. గుండె పునరావాస కేంద్రం కావాలంటే బెంగళూరు, పోనూ రానూ 420 కిలోమీటర్లు. అమెరికావాళ్లలా 36 విడతలు చేయించుకోవాలంటే 15,000 కిలోమీటర్లు దాటుతుంది. రోగి నడిచేది విడతకు అరగంట, మిగతాదంతా బస్సు చేసే వ్యాయామం.

యోగా ఉంది కదా అనేవాళ్ల కోసం ఒక మాట. మనదేశంలోనే 24 కేంద్రాల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగా-కేర్ అనే పరీక్ష చేసి 2020లో ఫలితాలు చెప్పారు. ప్రాణాపాయాలు ఖాయంగా తగ్గాయని రుజువు కాలేదు. మనుషులు తమను తాము బాగున్నామని చెప్పుకోవడం, పాత పనులకు తిరిగి పోగలగడం మెరుగయ్యాయి. యోగాను నెత్తిన పెట్టుకొని ఊరేగేవాళ్లు మొదటి సగం చదవరు, తీసిపారేసేవాళ్లు రెండో సగం చదవరు. జూన్ 21న చాపలు పరుచుకొని ఫొటోలు దిగే నాయకులకు ఏ సగమూ అక్కర్లేదు. వాళ్ల వ్యాయామం ఫొటోగ్రాఫరు వచ్చాక మొదలై ఆయన పోయాక ముగుస్తుంది.

మన ఎండను తలచుకోకుండా మన నడక రాయడం కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్న మనిషిని "సాయంత్రం చురుగ్గా నడువు" అని పంపితే ఆయన కళ్లు తిరిగి పడేది కాలువ పక్కనే. వేసవిలో పొద్దున ఎండెక్కకముందే ముగించాలి, లేదా ఇంట్లోనే చెయ్యాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు బిగుసుకున్న ఊళ్లలో నడకకంటే కూర్చుని చేసేదే మేలు. తిన్న వెంటనే వద్దు. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్లవాపు ఎక్కువైనా, పడుకుంటే ఊపిరాడకపోయినా వ్యాయామం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి. చేస్తుండగా గుండెలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, గుండె దడ కనబడితే అక్కడికక్కడే ఆపాలి. వీటిలో ఒక్కటి రాయడానికి కూడా బెంగళూరు పోనక్కర్లేదు. బరువు చూసే మిషను ఖరీదు ఒక్కసారి అంబులెన్సు కిరాయికి రాదు.

సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అనంతపురంలోనూ తీసుకుంటారు, 2022 నుంచి పుట్టపర్తిలోనూ తీసుకుంటారు. రోడ్డుకూ పింఛనుకూ పాసు పుస్తకానికీ పోయే మనం ఈసారి దీనికీ పోదాం. అర్జీలో పెద్ద మాటలు అవసరం లేదు: అయ్యా, మా మండలంలో గుండె బలహీనపడిన ప్రతి మనిషి ఇంటికి వచ్చి, ఆరు నిమిషాలు నడిపించి చూసి, ఆయన చేసే పనీ ఉండే ఇల్లూ కనుక్కొని, ఏ వేళ ఎంతసేపు ఏది చెయ్యాలో ఎక్కడ ఆపాలో రాసిచ్చి, నెలకొకసారి మళ్లీ వచ్చి చూసే మనిషిని మండలానికి ఒకరిని వెయ్యండి. ఆయన అరగంటకు మీ పథకంలో ఒక కోడ్ పెట్టండి. మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లకు మీరు ఏటా ఎంత కడుతున్నారో లెక్క మీ దగ్గరే ఉంది, దాని పక్కన ఈ జీతం వేసి చూసుకోండి.